కోడలిని నిందించే ముందు ఆమె నొప్పిని అడగండి

యలహంకలో స్థిరపడిన మన కుటుంబాల్లో పెళ్లయి రెండేళ్లయినా సంతానం కలగకపోతే అందరూ కోడలి వంకే చూస్తారు. ఆమెకు ఎప్పుడైనా పొత్తికడుపులో నొప్పి, జ్వరం వచ్చాయా, తెల్లబట్ట దుర్వాసనతో అయిందా అని మాత్రం ఎవరూ అడగరు. ఆమె సిగ్గుపడి చెప్పదు. చెప్పినా "వేడి చేసింది, మజ్జిగ తాగు" అని సరిపెడతారు.

తెల్లబట్టను యునానీలో సైలానుర్ రహిమ్ అనీ, గర్భాశయపు వాపును వరమె రహిమ్ అనీ అంటారు. క్లమీడియా, గనేరియా వంటి క్రిములు యోని మార్గం నుంచి పైకి పాకితే గర్భాశయం, అండవాహికలు వాస్తాయి. వాపు తగ్గినా మచ్చ మిగిలి అండవాహిక మూసుకుపోవచ్చు. కాన్పు, గర్భస్రావం తర్వాత కూడా ఇన్ఫెక్షన్ రావచ్చు. మన దేశంలో క్షయ కూడా అండవాహికలను దెబ్బతీస్తోంది. కాబట్టి ఈ జబ్బు పేరు వినగానే ఎవరి నడవడినీ శంకించకండి.

స్వీడన్‌లో 1960 నుంచి 1984 వరకు ఈ వ్యాధికి గురైన స్త్రీలను పరిశీలించారు. అండవాహికలు దెబ్బతిని సంతానం కలగనివారు, వ్యాధి ఒకసారి వచ్చినవారిలో 8 శాతం, రెండుసార్లు వచ్చినవారిలో దాదాపు 20 శాతం, మూడు లేక అంతకు మించి వచ్చినవారిలో 40 శాతం. అంటే తిరగబెట్టిన ప్రతిసారీ ముప్పు రెట్టింపవుతోంది.

అందుకే యునానీని అభిమానించే మీకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ముందు యాంటిబయాటిక్ మందులు పూర్తి కోర్సు వాడాలి. నొప్పి తగ్గిందని మధ్యలో మానకూడదు. యునానీ మందులు హకీం సలహాతో దానికి తోడుగా ఉండాలే గాని, దాని స్థానంలో కాదు. మూసుకుపోయిన నాళాన్ని కషాయంతో తెరుస్తామనే వారిని నమ్మి నెలలు పోగొట్టుకోవద్దు. బెంగళూరు కొట్టిగెపాళ్యలోని జాతీయ యునానీ వైద్య సంస్థలో స్త్రీ వ్యాధులకు ప్రత్యేక విభాగం ఉంది. దూరమనుకుంటే దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో లేడీ డాక్టరును కలవండి.

భర్తలారా, మీరూ వెంట వెళ్లండి. మీకు చికిత్స జరగకపోతే అదే ఇన్ఫెక్షన్ ఆమెకు మళ్లీ అంటవచ్చు. సంతానం కోసం పరీక్షలు మొదలుపెడితే వీర్య పరీక్ష కూడా మొదటి రోజే చేయించుకోండి.

నెల తప్పి, కడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగవద్దు. గర్భం అండవాహికలోనే నిలిచి ఉండవచ్చు. అది ప్రాణాపాయం.