రైలు ప్రియులు, రైలు ప్రయాణికులు

రైలుకూత వినిపించగానే చేతిలోని పని విడిచి వాకిట్లోకి పరుగెత్తని పిల్లవాడు మన ప్రాంతంలో అరుదు. పెరిగి పెద్దవారైన పిదప కూడ ఆ పరుగు మానని వారు కొందరుంటారు. లోకం వారిని రైలు పిచ్చివాళ్లంటుంది. మేము రైలు ప్రియులంటాము. అట్టివారు మన కళాశాలలోనే పదిమంది ఉన్నారన్న సంగతి గత డిసెంబరు వరకు మాకు తెలియదు. ఖాజీపేట జంక్షను కూతవేటు దూరంలో ఉన్న మనకు ఇది తెలియకపోవడం కొంత సిగ్గుపడవలసిన విషయమే.

వారే మా వద్దకు వచ్చినారు. తమకొక సమావేశం జరుపుకొనుటకు గది కావాలన్నారు. పెద్ద ఒకరు ఉండాలని ప్రిన్సిపాల్ గారు షరతు పెట్టినారట. తెలుగు అధ్యాపకునికి రైలుతో ఏమి పని అని మేము సందేహించినాము గాని, గది తాళంచెవి మా వద్దనే ఉండుటచేత తప్పించుకొనలేకపోయినాము.

ఒక్కొక్కరు లేచి తమను తాము పరిచయం చేసుకున్నారు. మామూలుగా మన పిల్లలు పరిచయమనగానే పేరు, ఊరు, తరగతి చెప్పి తల వంచుకొని కూర్చుంటారు. ఆనాడు అట్లు జరుగలేదు. బి.ఎస్సీ. రెండవ సంవత్సరం కుర్రవాడొకడు తలుపులు మూసిన గదిలో కూర్చొని, దూరాన వినవచ్చిన కూతను బట్టి అది డబ్ల్యు.ఎ.పి.-7 జాతి విద్యుత్ యంత్రమని చెప్పినాడు. ఒంటిమీద అక్షరాలు చూపితే లాలాగూడ షెడ్డుదో, మరొక షెడ్డుదో కూడ చెప్పగలనన్నాడు. మరొక విద్యార్థి చిన్న రేకుడబ్బా విప్పి తన తాతగారు దాచిన గట్టి అట్ట టికెట్లు బల్లమీద పరచినాడు. థామస్ ఎడ్మండ్సన్ అను ఆంగ్లేయుడు కనిపెట్టిన ఆ టికెట్లను కిటికీలోని గుమాస్తా తేదీయంత్రంలో పెట్టి ఠక్కున కొట్టి ఇచ్చే రోజులను ఈ పిల్లవాడు చూడలేదు. ఆ చప్పుడును మాత్రం నోటితో చేసి చూపినాడు. ఉర్దూ మాధ్యమం విద్యార్థి ఒకడు తన మామ చెప్పిన గోల్కొండ ఎక్స్‌ప్రెస్ కథలు చెప్పినాడు. ఆవిరి యంత్రం ఈడ్చిన కాలంలో ఆ బండికి వేగంలో ఎంత పేరుండేదో చెబుతూ వాడు ఉర్దూ నుండి తెలుగులోకి, తెలుగు నుండి ఉర్దూలోకి పట్టాలు మారుతూనే ఉన్నాడు; ఎవరికీ అర్థం కాకపోలేదు. ఇంకొకనికి జీవితాశయం ఒక్కటే. అస్సాంలోని దిబ్రూగఢ్ నుండి కన్యాకుమారి వరకు నాలుగు వేల కిలోమీటర్లకు పైగా సాగే వివేక్ ఎక్స్‌ప్రెస్‌లో ఈ చివర ఎక్కి ఆ చివర దిగాలట. దిగిన తరువాత ఏమి చేస్తావని అడిగినాము. తిరుగు బండి ఎక్కుతానన్నాడు.

మేము మనసారా సంతోషించినాము. మార్కుల కొరకు గాక, ఉద్యోగం కొరకు గాక, కేవలం ఇష్టం కొరకు ఇంత తెలుసుకున్న విద్యార్థులను చూచుట అధ్యాపకునికి తరచుగా లభించే భాగ్యం కాదు.

వెనుక బెంచీలో ఒక విద్యార్థిని మిగిలిపోయినది. బి.కాం. మూడవ సంవత్సరం. నీ పరిచయం కూడ చెప్పమ్మా అన్నాము.

"నేను రైలు ప్రియురాలిని కాను సార్. నేను రైలులో వస్తాను, అంతే" అన్నది.

స్నేహితురాలితో కలిసి వచ్చినదట. తిరుగు బండికి ఇంకా గంట సమయమున్నదట. స్టేషనులో ఒంటరిగా కూర్చొనుట కంటె ఇక్కడ నయమని వచ్చినదట. పిల్లలు కొందరు నవ్వినారు. మేమూ కొంచెం నవ్వినామేమో. తరువాత మర్యాదకు నాలుగు ప్రశ్నలు అడిగినాము. అప్పుడు తెలిసినది, ఆ గదిలో రైలును గురించి అందరికంటె ఎక్కువ తెలిసినది ఎవరికో.

రెండున్నర సంవత్సరాలుగా ఆమె ప్రతి ఉదయం ఒక చిన్న స్టేషనులో పుష్‌పుల్ బండి ఎక్కుతున్నది. వెనుక ఏ సూపర్‌ఫాస్టు వస్తుంటే తమ బండిని ఏ స్టేషనులో పక్క లైనులో పెడతారో, ఎంతసేపు పెడతారో ఆమెకు తెలుసు. ఔటరు సిగ్నలు వద్ద బండి నిలిచిన తీరును బట్టి అది ఐదు నిమిషాల నిలుపుదలయో, అరగంటయో చెప్పగలదు. వానకాలంలో ఏ పెట్టె కప్పు కారునో, ఎండకాలంలో తమ ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు నీడకు ఏ పెట్టె వచ్చి ఆగునో తెలుసు. మహిళల పెట్టెలో పెరుగు తట్టతో ఎక్కే అవ్వ ఏ రోజు రాకపోతే ఆ రోజు అంగడి లేదని లెక్క. ఆమె వద్ద ఒక నోటు పుస్తకమున్నది. అందులో ప్రతి దినం బండి వచ్చిన సమయం, పట్టణం చేరిన సమయం, ఆలస్యానికి కారణం రాసి పెట్టినది. ఎందుకు రాస్తున్నావమ్మా అంటే, ఇంట్లో చూపించుటకు అన్నది. ఆలస్యం బండిదే గాని తనది కాదని తండ్రికి రుజువు కావాలి.

ఇంతవరకు బాగున్నది. ఆ పుస్తకం తిరగవేస్తున్నప్పుడు మా ముఖం మారినది. వారానికి రెండు మూడు రోజులు బండి 9-50 గంటలకు బదులు 10-15కో, 10-20కో చేరుతున్నది. మన మొదటి గంట 10 గంటలకు ప్రారంభమగును. ఆమె తరగతికి మొదటి గంట తెలుగు. ఆమె గదిలోకి వచ్చేసరికి మేము హాజరు పట్టిక మూసివేసి ఉంటాము. పద్యం మధ్యలో తలుపు తీసుకొని వచ్చేవారిపట్ల మాకు మొదటి నుండి చిరాకు. కారణం ఒక్కనాడైనా అడిగినవారము కాము. రెండు నెలల్లో పధ్నాలుగు గైరుహాజర్లు మేమే మా చేతితో వేసినాము. 75 శాతం హాజరు లేనిచో ఉపకార వేతనానికి ఏమి ఇబ్బంది కలుగునో కమిటీ పెద్దలకు మేము చెప్పనక్కరలేదు.

ఆమెకొక అక్క ఉన్నది. ఆ అమ్మాయి కూడ ఇదే బండిలో మరొక కళాశాలకు వచ్చేది. 2020 మార్చిలో కరోనా మూలంగా దేశమంతటా ప్రయాణికుల బండ్లు నిలిచినవి. తిరిగి కదిలినప్పుడు అనేక పాసింజర్లు ప్రత్యేక బండ్లనే పేరుతో, ఎక్స్‌ప్రెస్ ఛార్జీతో కదిలినవి. పది రూపాయల కనీస టికెట్టు ముప్పై అయినది. 2024 ఫిబ్రవరిలో గాని పాత ఛార్జీ తిరిగి రాలేదు. "అక్క అప్పుడే మానేసింది సార్" అని ఈ అమ్మాయి మామూలుగా చెప్పినది. ఛార్జీ ఒక్కటే కారణమని మేము అనము. పేదింటి ఆడపిల్ల చదువు ఆగుటకు కారణాలు ఎప్పుడూ ఒకటికి నాలుగుంటవి. కాని ఆ నాలుగింటిలో ఇది ఒకటి.

ఆ రాత్రి మాకు మా దాదా గుర్తుకు వచ్చినాడు. ఆయన ఆవిరి యంత్రాల మీద ఫైర్‌మన్‌గా పనిచేసినాడు. చిన్నతనంలో మేము పుస్తకంలో ఆవిరి యంత్రం బొమ్మ చూచి ఎంత అందంగా ఉన్నదో అంటే, కుడిచేయి ముందుకు చాపేవాడు. మోచేతి వరకు చిన్న చిన్న కాలిన మచ్చలు. "చూసేటోనికి అందమే బేటా, బొగ్గు ఏసేటోనికి కాదు" అనేవాడు. అయినా రాత్రి బండి వెళ్లునప్పుడు, మాట్లాడుతున్న మాట ఆపి, అది పూర్తిగా దాటిపోయేవరకు వినేవాడు. దానిని ప్రేమ అనవలెనో, అలవాటు అనవలెనో మాకు నేటికీ తెలియదు. ఆయనను ఎవరైనా రైలు ప్రియుడని అంటే మాత్రం నవ్వి ఊరుకొనేవాడు.

మేము చెప్పదలచినది ఇదే. రైలును ఇష్టపడుటకు దానినుండి కొంత దూరంలో నిలిచే వసతి కావాలి. ఆ వసతి కలవారు ప్రియులైనారు. లేనివారు ఒట్టి ప్రయాణికులైనారు. రైలు అనుభవాలు రాయండి అనగానే మొదటివారు కలం తీస్తారు, రెండవవారు తమవద్ద రాయదగినదేదీ లేదనుకుంటారు. ఈ అభిప్రాయం ఎంత తప్పో చెప్పుటకు 1909లో బెంగాలులో జరిగిన సంగతి చాలు. ఒఖిల్ చంద్ర సేన్ అను ప్రయాణికుడు పనసపండు తిని కడుపు ఉబ్బి, అహ్మద్‌పూర్ స్టేషనులో బహిర్భూమికి దిగినాడు. పెట్టెలో మరుగుదొడ్డి లేదు. గార్డు ఈల వేసినాడు. చెంబొక చేత, ధోవతి ఒక చేత పట్టుకొని పరుగెత్తి, ప్లాట్‌ఫారం మీద అందరియెదుట పడి, బండి తప్పించుకొని, ఆ కథనంతా వచ్చీరాని ఇంగ్లీషులో సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి రాసి పంపినాడు. ఆ ఉత్తరం చదివి నవ్వనివారుండరు. క్రింది తరగతి పెట్టెలలో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరం కారణమైనదని చెప్పుకుంటారు. అది ఢిల్లీ రైలు మ్యూజియంలో చోటు సంపాదించుకున్నది. ఒఖిల్ బాబు రైలు ప్రియుడని ఎవరూ అనరు.

మన భాషలో ఇంకా ముందే దారి వేసినవాడున్నాడు. రైలే లేని కాలంలో, 1830 మే నెలలో మదరాసు నుండి బయలుదేరి పల్లకిలో కాశికి వెళ్లి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో ఏమి రాసినాడు? ఏ ఊరిలో దిగుటకు చోటున్నది, ఏ ఊరిలో సరుకులు దొరుకును, ఏ దారి చెడ్డది, ఏ యేరు దాటుట కష్టం - ఇవే ఎక్కువ. నేడు చరిత్రకారులు ఆ పుస్తకాన్ని వెదకి పట్టుకొనునది ఈ సంగతుల కొరకే. మా విద్యార్థిని నోటు పుస్తకం ఆ దారిలోనిదే.

రైలు ప్రియులైన విద్యార్థులకు మరొక మాట. మన రైలు చరిత్ర అంటే 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు బండి వచ్చినది, 1889 నాటికి బెజవాడ చేరినది అని తేదీలు చదువుతారు. 1883ను కూడ చదవండి. ఆ యేడు చాందా వరకు మార్గం వేయు పథకం వచ్చినప్పుడు, దాని షరతులు ఏమిటి, భారమెవరి మీద పడునని హైదరాబాదు నగరంలో కొందరు నిలదీసినారు. వారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఉన్నారు, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులున్నారు. చట్టోపాధ్యాయులను రాజ్యం నుండి పంపివేసినారు కూడ. వారికి రైలంటే ద్వేషం కాదు. చాందా నేటి చంద్రపూర్. ఖాజీపేట నుండి ఆ జిల్లాలోని బల్హార్షా వరకు మార్గం 1929లో పూర్తయి, ఢిల్లీ, మదరాసు మధ్య బండ్లు మన మీదుగా పోవుటకు వీలైనది. మన ప్రాంతంలో రైలును గూర్చి ప్రజలు అడిగిన తొలి ప్రశ్న యంత్రం ఎంత వేగంగా పోవునని కాదు.

పనిలో పనిగా ఒక మందలింపు. తలుపు వద్ద వేలాడుతూ ఫోనులో చిత్రాలు తీసుకొనుట రైలు ప్రేమ కాదు. మన విద్యార్థులలో అట్టివారు ఇద్దరున్నారు. పేర్లు రాయము, వారికి తెలుసు.

ఇక కమిటీ వారికి విన్నపం. డిగ్రీ వరకు చదివే బాలికలకు, పన్నెండవ తరగతి వరకు చదివే బాలురకు, మదర్సా విద్యార్థులతో సహా, ఇంటి నుండి విద్యాలయానికి రెండవ తరగతి నెలసరి సీజను టికెట్టు ఉచితంగా ఇచ్చే నియమం రైల్వేలో ఉన్నది. విద్యాసంస్థ పెద్ద ధ్రువీకరించి సంతకం చేయవలెను. ఈ అమ్మాయి రెండున్నరేళ్లుగా రోజూ డబ్బు పెట్టి టికెట్టు కొన్నది. కళాశాలలో విచారించగా, రైలులో వచ్చే విద్యార్థినులలో ఈ సంగతి తెలిసినది ఒక్కరికే. ఆమె అన్న రైల్వేలో పనిచేయుచున్నాడు. ప్రకటన ఫలకం మీద ఒక కాగితం అంటించి ఉంటే సరిపోయేది. ఆ పని మా వంటి అధ్యాపకులెవరైనా చేసి ఉండవచ్చును, చేయలేదు.

రెండవది హాజరు సంగతి. బండిలో వచ్చేవారి జాబితా తయారుచేసి, బండి ఆలస్యమైన రోజున పదిన్నర వరకు వారికి మొదటి గంట హాజరు ఇవ్వవలెనని మా సూచన. క్రమశిక్షణ చెడునని కొందరు సహాధ్యాపకులు అన్నారు. బండి వచ్చిన సమయం నేడు ఎవరి ఫోనులోనైనా చూడవచ్చును గనుక అబద్ధమాడుటకు ఆస్కారం తక్కువ. దబాయించి సెలవు పుచ్చుకొనేవారు పట్టణంలో, కళాశాల గోడ పక్కనే నివసించేవారిలోనే ఎక్కువని మా అనుభవం.

మూడవది చిన్న కోరిక. వచ్చే సంచికలో రెండు పుటలు, ఉర్దూ విభాగంలో ఒకటి, తెలుగు విభాగంలో ఒకటి, రోజూ బండిలో వచ్చేవారి రాతలకు కేటాయించవలెను. వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కదలచిన విద్యార్థి సంపాదకుడుగా ఉండుటకు ఒప్పుకున్నాడు. మొదట పుష్‌పుల్‌లో నెలరోజులు ప్రయాణించి రమ్మని షరతు పెట్టినాము. వెళ్లుచున్నాడు. నిలబడుటకు కూడ చోటు లేదని వారం తిరుగకముందే వచ్చి చెప్పినాడు.

నోటు పుస్తకం ఇంకా మా బల్లమీదనే ఉన్నది. నవంబరు 19 ఎదురుగా "పక్క లైనులో పెట్టినారు, 10-25" అని ఉన్నది. మా హాజరు పట్టికలో అదే తేదీకి ఆమె పేరుకెదురుగా గైరుహాజరు గుర్తు ఉన్నది, మా చేవ్రాలుతో సహా. పాత గుర్తులను దిద్దుటకు అధ్యాపకునికి అధికారం లేదు. కమిటీ వారికి ఉన్నది.