ఓవెన్లలో గాలి లెక్క తేల్చాకే టెండరు పిలవాలని వినతి

భద్రాచలం

గౌరవనీయులైన ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారికి,

విషయం: చిరుధాన్యాల బిస్కెట్ల ఓవెన్లు కొనేముందు వాటిలో గాలి ప్రసరణను కంప్యూటర్ సిమ్యులేషన్‌తో పరీక్షించడం గురించి.

ఆర్యా,

భద్రాచలం మహిళల చిరుధాన్యాల బిస్కెట్లు హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్ 29న 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి చెప్పారు. పేరు అంత దూరం వెళ్లినందుకు సంతోషం. బిస్కెట్లు కాల్చే మా బాధ మాత్రం ఓవెన్ దగ్గరే ఉంది. ఒకే పిండి, ఒకే వాయి. ఫ్యాను పక్కనున్న ట్రే మాడుతుంది, తలుపు దగ్గరది మెత్తగానే ఉంటుంది. మధ్యలో తలుపు తీసి ట్రేలు తిప్పుతాం. తీసినప్పుడల్లా వేడి పోతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది.

ఓవెన్లు అమ్మినవాళ్లను అడిగితే మైదాకు బాగానే పనిచేస్తోందన్నారు. మైదా బిస్కెట్ ఎర్రబడితే కంటికి తెలుస్తుంది. రాగి పిండి అసలే ముదురు రంగు. తేడా పట్టేలోపే మాడు వాసన వస్తుంది. గోధుమకున్న జిగురు దీనికి లేదు కనుక ఎక్కువ కాలితే చేతిలోనే పొడవుతుంది.

లోపం గాలి నడిచే దారిలో ఉంది. ఫ్యాను నెట్టిన వేడిగాలి కాలువ నీళ్లలా తేలిక దారి వెతుక్కుంటుంది. సందు ఎక్కువున్న వైపే పోతుంది. ఓవెన్ లోపలి ఖాళీని లక్షల చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి వేగం, ఉష్ణోగ్రత, పీడనం కంప్యూటర్‌తో లెక్కగట్టే పద్ధతిని సీఎఫ్‌డీ అంటారు. విమానం రెక్కల డిజైన్‌కూ దీన్నే వాడతారు. గాలిని మళ్లించే పలక వంపు, రంధ్రాల కొలత, ట్రేల ఎడం మారిస్తే ఏమవుతుందో రేకు కోయకుండానే చూడొచ్చు. ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. కావలసింది తెలిసిన మనిషి. అలాంటివాళ్లు వరంగల్ ఎన్ఐటీలో దొరుకుతారు.

కాబట్టి ఇక్కడి ఓవెన్ కొలతలు, మా ట్రేలు, మా పిండి తేమ వివరాలిచ్చి అక్కడి మెకానికల్ విభాగంతో ఈ లెక్క చేయించండి. గోడల నుంచి తగిలే సెగ, బిస్కెట్ల నుంచి లేచే ఆవిరి అందులో చేరాలి. తెరమీది రంగుల బొమ్మ చూసి మురిసిపోతే లాభం లేదు. నింపిన ట్రేల మధ్య వేడిని కొలిచే థర్మోకపుల్స్ పెట్టి సరిచూడాలి. అలా సరిచూసే రోజు పిండి కలిపే మనిషి కూడా అక్కడ ఉండాలి.

ఓవెన్ లోపలి డ్రాయింగులు ఇవ్వాలన్న షరతు టెండరులో పెట్టండి. ఖాళీ ఓవెన్ డిగ్రీలు చూపించి సంతకం పెట్టించుకునే పద్ధతి మానిపించండి. అన్ని ట్రేలూ నింపి, రాగి బిస్కెట్లు కాల్చి చూపించాకే చివరి బిల్లు చెల్లించండి.

ఉన్న ఓవెన్లను పారేయమనడం లేదు. ఒక్క పలక బిగిస్తే సరిపోతుందేమో కూడా ఆ లెక్కలోనే తేలుతుంది. అంతవరకు కొత్త టెండరు పిలవవద్దని కోరుతున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
బిస్కెట్ల తయారీ మహిళా సంఘాల సభ్యులు,
భద్రాచలం ఏజెన్సీ