కొండకు పోవు దారి

బళ్ళారి విద్యార్థులకు కొండ యనగా ఊరినడుమ నున్న కోటకొండయే. దినమంతయు నడచి చూడదగిన కొండలు సండూరు వైపు కలవు. గత కార్తికమాసమున పదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని మేము అచటి కుమారస్వామి కొండకు పోయితిమి.

సండూరు లోయకు చుట్టును కొండలే గోడలు. నారిహళ్ళ యను వాగు ఓబళగండి వద్ద లోపలికి వచ్చి, భీమగండి వద్ద వెలుపలికి పోవును. గండి యను మాట తెలుగువానికిని కన్నడిగునికిని ఒక్కటే యని చెప్పగా పిల్లలు సంతసించిరి. ఊరినుండి పార్వతీ కుమారస్వాముల ఆలయములకు 10, 12 కిలోమీటర్లుండును. అవి వేయేండ్లు దాటిన కట్టడములు. సండూరును సెప్టెంబరులో చూడవలెనని 1934లో ఇచటికి వచ్చిన గాంధీజీ అనిరని పెద్దలు చెప్పుకొందురు. వానలకు కొండ పచ్చబడు మాసమది. బాట బురదయగు మాసమును అదియే.

కొండ మొదట బస్సు దిగి నడక సాగించితిమి. ఎక్కుడు మమ్ము బాధింపలేదు. బాధించినవి ఇనుపరాయి లారీలు. రోడ్డు అంచున నడచువానికి మూరెడు చోటు లేదు. లారీ వచ్చినపుడెల్ల పిల్లలను వరుసగా కొండవైపునకు అదిమి నిలిపితిమి. ఎర్రదుమ్ము లేచి, ముందున్న బాలుని వెనుకవాడు కానరాని స్థితి యేర్పడెను. రోడ్డు విడిచి పాత కాలిదారి పట్టితిమి గాని, దానిపై ఇనుపరాతి గులకలు కాలిక్రింద జారుచుండెను. ఇద్దరు బాలురు మోకాళ్లు గీచుకొనిరి. ఆ దారియు కొంతసేపటికి మరల రోడ్డులోనే కలిసినది. దగ్గు పట్టిన ముగ్గురు బాలికలను బస్సుకు త్రిప్పి పంపవలసివచ్చెను. వారు ఆలయమును చూడనేలేదు.

వారిలో ఒక బాలిక, "మా నాయన ఈ దారిలోనే లారీ తోలుతాడు సార్, నడిచి ఎవరు వస్తారు?" అనెను. ఆమె మాటను మేము మరువలేదు. 2011లో సుప్రీంకోర్టు మన జిల్లాలో త్రవ్వకములను నిలిపినపుడు లారీలు ఆగినవి; కూలివారి యిండ్లలో పొయ్యియు ఆరినది. కావున లారీలు వలదనుట మా అభిప్రాయము కాదు. నడచువానికి వేరు దారి కావలెననుటయే.

మేము తిరుపతిలో శిక్షణ పొందిన కాలమున అలిపిరి మెట్లు పలుమారు ఎక్కితిమి. తిరుమలకు 1944లోనే ఘాట్ రోడ్డు వచ్చినది. అయినను 3,550 మెట్ల కాలిబాటను ఎవరును విడువలేదు. కొంతదూరము అది రోడ్డు ప్రక్కనే సాగినను, నడచువాని చోటు నడచువానిదే. ఇచటను అట్లేల చేయరాదు? మెట్లు సయితము అక్కరలేదు. పాత కాలిదారిని చదునుచేసి, రోడ్డు తగిలినచోట చిన్న గోడ కట్టి, వాననీరు పోవుటకు కాలువ తీసిన చాలును. ధనము లేదనుటకు వీలులేదు. 2015లో గనుల చట్టమును సవరించి ఏర్పరచిన జిల్లా ఖనిజ నిధి, గనులవలన నష్టపడిన ప్రాంతములకే యుద్దేశింపబడినది; రహదారులకును దానిని వెచ్చింపవచ్చును. ఈ దుమ్ము మ్రింగినవారికంటె నష్టపడినవారెవరు?

ఈ కార్తికమునను మరల పోదలచితిమి. ఆదివారము లారీలు తగ్గునేమో ముందుగా విచారించెదము. త్రిప్పి పంపిన మువ్వురును మొదటి వరుసలో నడచెదరు. మూతికి కట్టుకొనుటకు విద్యార్థులు తెల్లని చేతిగుడ్డలు తేవలదు. గత సంవత్సరపువి ఇంకను ఎర్రగానే యున్నవి.