చేతిలోని యంత్రము - చేతికందని వెల

స్మార్టుఫోనుల వెలలు మరల పెరిగినవి. 2025వ సంవత్సరాంతమునుండి మెమరీ చిప్పుల ధరలు మిన్నంటుటయే యిందులకు హేతువని వర్తకులు చెప్పుచున్నారు. కృత్రిమమేధను నడుపు డేటా సెంటర్లకై ధనికదేశముల కంపెనీలు ఆ చిప్పులను రాసులుగా కొనుచున్నవి. ఆ సరకులో నధికభాగము కొరియా, అమెరికా దేశములకు చెందిన మూడు కంపెనీల చేతిలో నున్నది. ఎచ్చటనో శ్రీమంతులు పందెము వేసికొనిరి. పందెపు సొమ్మును మన పల్లెలోని కూలివాడు కూడ చెల్లింపవలసివచ్చినది.

ఈ పెరుగుదలను సమర్థించువారు లేకపోలేదు. వారి వాదమును న్యాయముగనే వినిపింతుము. ఈ యంత్రము ఒక్కటియే యుత్తరము, బ్యాంకు, కెమేరా, దీపము, పటము, పాఠశాల యగుచున్నది. ఇరువదివేల రూపాయలు పెట్టి కొని మూడేండ్లు వాడినచో దినమునకు పదునెనిమిది రూపాయలు మాత్రమే పడును. రెండు కప్పుల టీకి సరిపోని సొమ్మునకింత సౌఖ్యము లభించుచుండగా ఫిర్యాదేల యని వారి ప్రశ్న. ఉపయోగమును మేము కాదనము. గల్ఫుదేశమున కష్టించు కుమారుని ముఖమును కరీంనగరపు తల్లి ప్రతిరాత్రియు చూడగల్గుచున్నది. వేటకుబోవు బెస్తవాడు తుపాను వార్తను ముందుగా తెలిసికొనుచున్నాడు. 1995లో మన దేశమున సెల్‌ఫోను ప్రవేశించినపుడు నిమిషము మాటకు పదునాఱు రూపాయలు పోయుచుండిన కాలమును తలచుకొన్న, జరిగిన మేలు స్పష్టము.

అయినను ఉపయోగమే వెలకు కొలబద్ద యన్న సిద్ధాంతమును మేమంగీకరింపజాలము. ఉప్పుకంటె నిత్యోపయోగమైన వస్తువేది? అది లేనిదే కూడు దిగదు. కావున ఉప్పుపై పన్ను న్యాయమని 1930లో మన పెద్దలు తలవంచిరా? దండి తీరమున మహాత్ముడును, ఆంధ్రతీరమున మనవారును శాసనమును ధిక్కరించి ఉప్పు చేసినది, అవసరము హెచ్చినకొలది వెల హెచ్చవచ్చునను నీతి దోపిడినీతి యని చాటుటకే కదా! విడువలేని వస్తువును చూపి యెంతయైన నడుగుట బేరము గాదు. అది దారికాచి సుంకము వసూలుచేయుట.

మఱియొక ప్రశ్న. ఈ యుపయోగమును సృష్టించినదెవరు? కూరగాయలమ్ము నవ్వ బండికి క్యూఆర్ కోడు అంటించుకొని రూపాయలు స్వీకరించుచున్నదన్న, అది ఫోను చేసినవాని ప్రతిభ గాదు. 2016లో మన జాతీయ సంస్థ నెలకొల్పిన యూపీఐ మహిమ. దారి చూపు పటము పనిచేయుచున్నదన్న, అది ప్రభుత్వములు ప్రజాధనముతో నాకాశమున నిలిపిన యుపగ్రహముల చలువ. ఇంటింటివారును వాడుటచేతనే ఫోను పనికివచ్చుచున్నది. ఒక్కనికే యున్న ఫోను ఒట్టి రాతిపలక. ప్రజలు పెంచిన చెట్టు ఫలమును ప్రజలకే యమ్మి, చూడుడీ యెంత తీపియో యని వెల పెంచుట యెట్టి న్యాయము?

ఇక నిత్యోపయోగ మందురా, దానికి లక్షరూపాయల యంత్రమక్కరలేదు. ఆపిల్ వారి ఫోను 2008లో మన దేశమునకు వచ్చినపుడు 31,000 రూపాయలు, 2017లో వారి పెద్ద ఫోను 89,000, 2023లో 1,59,900. ఈ లక్షన్నర ఫోనుతో పంపిన నూఱు రూపాయలును, పదివేల ఫోనుతో పంపిన నూఱు రూపాయలును అంగడివానికి నూఱే యగును గదా! మిగిలినదంతయు మెఱుగు, దర్పము, పొరుగువాని కన్ను. దీనికై నెలవాయిదాల యప్పులో దిగు యువకులను చూచి మాకు జాలి కలుగుచున్నది.

చౌకఫోను నాటికంటె నేడు మేలైనదని యెదుటివారందురు. నిజమే. కాని దానిని బ్రతుకనిచ్చుచున్నారా? పాత ఫోనుల వేగమును తామే తగ్గించితిమని ఆపిల్ వారు 2017లో నొప్పుకొనిరి. బ్యాటరీ ముదిరినందున ఫోను హఠాత్తుగా నాగిపోకుండుటకే యట్లు చేసితిమని సమాధానము చెప్పిరి. ఆ సంగతి కొనుగోలుదారులకు తెలుపనందులకు 2020లో ఫ్రాన్సు రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించెను. 2021లో మహారాష్ట్రమునందలి అంగన్‌వాడీ కార్యకర్తలు, ప్రభుత్వమిచ్చిన ఫోనులు ప్రభుత్వపు యాపునే మోయలేకున్నవని తిరిగి యిచ్చివేసిరి. మూడేండ్లకే ముసలిదగు వస్తువును దినమునకు పదునెనిమిది రూపాయలని లెక్కకట్టుట కండ్లకు గంతలు కట్టుట.

వర్తకుని తప్పు ఒకపాలైన, ప్రభుత్వపు తప్పు రెండుపాళ్లు. 2021లో పదునెనిమిదేండ్లు దాటిన యువకులు టీకాకై మొదట ఆన్‌లైనుననే పేరు నమోదు చేసికొనవలసివచ్చెను. 2023 జనవరి 1 నుండి ఉపాధి హామీ పనులలో హాజరు ఫోనుతో ఛాయాచిత్రము తీసి పంపిననే చెల్లెను. ఇట్లు ఫోనును నిర్బంధము చేయు చేయియే దానిపై పన్నును వేయుచున్నది. 2020 ఏప్రిల్ 1న ఫోనులపై జీఎస్టీని 12 శాతమునుండి 18 శాతమునకు పెంచిరి. అది యెట్టి సమయము? దేశమంతటను తలుపులు మూయించి, పిల్లల బడిని ఫోనులోనికి పంపుచున్న సమయము! విడిభాగములపై పన్ను హెచ్చు, వస్తువుపై తక్కువ యగుటచే సరిదిద్దితిమని వారి సమాధానము. భాగములపై తగ్గించి సరిదిద్దరాదా? 2025 సెప్టెంబరులో శీతలయంత్రములపై, చిన్నకారులపై పన్నును 28 నుండి 18కి దింపిరి. ఫోనుపై మాత్రము 18 శాతము చెక్కుచెదరలేదు. గది చల్లబఱచుకొనువానిపై కలిగిన కరుణ, ఎండలో గుంత త్రవ్వువానిపై కలుగలేదు!

లెక్క చూడుడు. 2025-26లో ఆంధ్ర, తెలంగాణములందు ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. పదివేల ఫోనుపై పన్ను 1,800 రూపాయలు. అనగా కూలివాని యాఱుదినముల చెమట. మొత్తము ఫోనునకు ముప్పదియెనిమిది దినములు. "అమ్మబోయిన నడవి, కొనబోయిన కొఱివి" యను సామెత యితనికై పుట్టినదే!

శ్రీపెరుంబుదూరునందును, మన శ్రీసిటీయందును ఫోనులు కూర్చబడుచున్నవని మేము సంతోషించుచునే యున్నాము. వేలకొలది మన యాడుబిడ్డలకు పని దొరకినది. కాని కూర్పు స్వదేశీ గాదు. లోపలి చిప్పు పరదేశమునది. దానిని నడుపు ప్రాణము పరదేశమునది. నూలు పరునిదై ముడి మాత్రము మనదైన వస్త్రమును ఖద్దరని పిలువనేరము.

మేము కోరునవి నాలుగు. పదిహేనువేలకు లోబడిన ఫోనులపై పన్ను 5 శాతమునకు దింపవలెను. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుండి అమలు జరుపుచున్నట్లు, అమ్మకము ముగిసిన పిదపగూడ ఏడేండ్లవఱకు విడిభాగములు దొరకునట్లు మన దేశముననుగూడ శాసనము చేయవలెను. ప్రభుత్వపు యాపు ప్రతిదియు పాత ఫోనులపై నడువవలెను. ఫోను లేనివానికి ఏ కచేరీయందును ద్వారము మూయరాదు. కాగితముపై నర్జీ పెట్టుకొను హక్కు నిలువవలెను.

పాఠకులకు నొకమాట. పగిలిన అద్దమును వీధిచివరి రిపేరువానిచే మార్పించుకొని మఱి రెండేండ్లు వాడుట నామోషీ గాదు. చేతిలోని యంత్రము మన పని చేయుటకే గాని, దాని వాయిదా చెల్లించుటకై మనము పనిచేయుటకు గాదు. అవసరము మనది గావున వెల యెంతయైన వారిదే యను మాటకు ఒకనాడు ఉప్పుకొటారులవద్ద మన జాతి ప్రత్యుత్తరమిచ్చినది. ఆ జాతి నేడు మూగవోవుటకు కారణము లేదు.