క్యాంపస్ ఎచ్చెర్లలో, విద్యార్థి ఉద్దానంలో

విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మన చానళ్లు రెండు ముక్కల్లో తేల్చేశాయి: కోచింగ్ సెంటర్లకు ముకుతాడు, హాస్టల్ ఫ్యాన్లకు కొత్త నిబంధన. నేను చదివిన వ్యాసాల్లో చాలావరకు రాజస్థాన్‌లోని కోటా దగ్గరో, హైదరాబాద్ దగ్గరో ఆగిపోయాయి. తీర్పు పాఠం చేతిలో పెట్టుకుని చదివినవారికి ఈ కథనాలు చికాకు పుట్టిస్తాయి. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా జారీ చేసిన పదిహేను మార్గదర్శకాల్లో కోచింగ్ సెంటర్ల కోసమే ఉద్దేశించినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగిలినవన్నీ బడులకు, కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు, హాస్టళ్లకు వర్తిస్తాయి. ప్రభుత్వానివా, ప్రైవేటువా అన్న తేడా లేదు. ఏ బోర్డుకు, ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నా తప్పించుకునే వీలు లేదని తీర్పే చెప్పింది. అంటే శ్రీకాకుళం జిల్లా పలాసలో మేడ మీద నడిచే డిగ్రీ కళాశాల కూడా దాని పరిధిలోకే వస్తుంది.

ఆ కేసు పుట్టిందీ కోటాలో కాదు. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. దర్యాప్తు సీబీఐకి ఇమ్మని తండ్రి అడిగితే మన హైకోర్టు ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. మన గడప మీద జరిగిన నష్టానికి వచ్చిన తీర్పును రాజస్థాన్ వార్తలా చదవడం కన్నా అజాగ్రత్త ఇంకేముంటుంది?

సలహాకూ శాసనానికీ తేడా

విద్యార్థులకు అండగా ఉండే సేవల గురించి ఇదివరకు కాగితాలు రాలేదా? వచ్చాయి. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో స్టూడెంట్ సర్వీసెస్ సెంటర్ ఉండాలని యూజీసీ ముందే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆటలు, ఆరోగ్యం, కౌన్సెలింగ్ అన్నీ అందులో ఉన్నాయి. కానీ అది సలహా పత్రం. పాటించిన సంస్థకు నాక్ నివేదికలో ఒక పేరా పెరిగింది, పాటించని సంస్థకు ఏమీ తరగలేదు. ఫిర్యాదుల పరిష్కారంపై 2023లో యూజీసీ తెచ్చిన నిబంధనలకు ఇంతకన్నా బలం ఉంది. ఎందుకంటే అవి రెగ్యులేషన్లు, ప్రతి విశ్వవిద్యాలయంలో అంబుడ్స్‌పర్సన్‌ను నియమించి తీరాలంటాయి.

2025 తీర్పు ఈ రెండింటి కోవలోదీ కాదు. రాజ్యాంగం 32, 141 అధికరణల కింద, శాసనసభలు చట్టం చేసేవరకు అమల్లో ఉండేలా ఇచ్చిన ఆదేశం అది. 141 ప్రకారం సుప్రీంకోర్టు చెప్పింది దేశమంతటా చట్టం. 144 ప్రకారం ప్రతి అధికారీ ఆ కోర్టుకు తోడ్పడాలి. ఇక్కడ ‘అధికారి’ అంటే ఢిల్లీలో కార్యదర్శి ఒక్కడే కాదు. శ్రీకాకుళం కలెక్టరు, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వైస్‌చాన్స్‌లర్, ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ కూడా ఆ మాటలో ఉన్నారు.

ఇదే దారిలో వచ్చిన ‘విశాఖ’ తీర్పు (మన విశాఖపట్నం కాదు) చరిత్ర తెలిసినవారు ఇక్కడ కాస్త జాగ్రత్తపడతారు. పని చోట లైంగిక వేధింపులపై 1997లో కోర్టు మార్గదర్శకాలిచ్చింది. పార్లమెంటు చట్టం చేసేసరికి 2013 వచ్చింది. పదహారేళ్లూ ఆ తీర్పే చట్టం. అయినా 2012లో అదే కోర్టు మళ్లీ కూర్చుని, పదిహేనేళ్లయినా చాలాచోట్ల సరిగ్గా అమలు కాలేదని చెప్పాల్సి వచ్చింది. కోర్టు మాటకు బలం లేక అలా జరగలేదు. ఆ మాటను ఫలానా ఊళ్లో ఫలానా అధికారి ఫలానా తేదీకి అమలు చేయాలని అడిగేవాళ్లు లేక జరిగింది. కొత్త తీర్పుకు ఆ గతి పట్టకూడదంటే ఊరి పేరు పెట్టి మాట్లాడాలి. అందుకే పలాస, టెక్కలి, కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఉద్దానం గురించి రాస్తున్నాను.

వంద మంది లెక్క

తీర్పులో అందరూ చూడాల్సిన అంకె 100. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలి. పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో ఆ వ్యక్తికి శిక్షణ ఉండాలి. వందకు తక్కువ ఉన్న సంస్థ బయటి నిపుణులతో రాతపూర్వకమైన రిఫరల్ ఏర్పాటు చేసుకోవాలి.

‘సైకాలజిస్టులు ఎక్కడ దొరుకుతారండీ’ అని యాజమాన్యాలు అప్పుడే అంటున్నాయి. తీర్పులో సోషల్ వర్కర్ అన్న మాట ఊరికే పడలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఎంఎస్‌డబ్ల్యూ చేసి వచ్చి, ఏ ప్రాజెక్టులోనో తాత్కాలిక ఉద్యోగం చేసుకుంటున్న ఉత్తరాంధ్ర పిల్లలకు తగిన శిక్షణ ఇప్పిస్తే ఈ కొరత చాలావరకు తీరుతుంది.

అసలు చిక్కు రిఫరల్ దగ్గరుంది. రిఫర్ చేయమన్నారు, ఎక్కడికి? వజ్రపుకొత్తూరు, మందస నుంచి పలాస వచ్చి చదివే కుర్రాణ్ణి శ్రీకాకుళానికో విశాఖకో పంపిస్తూ చీటీ రాసిస్తే తీర్పు అమలైనట్టేనా? కాదంటాను. నా వాదనకు ఆధారం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్. సుప్రీంకోర్టు తన తీర్పులో ఆశ్రయించిన సెక్షన్లలో అదొకటి. వైద్యం పొందే హక్కు గురించి చెప్పి ఊరుకోకుండా, ఆ సెక్షన్ దూరం గురించి కూడా మాట్లాడుతుంది. మానసిక అనారోగ్యం ఉన్న ఎవరూ సేవల కోసం చాలా దూరం ప్రయాణం చేయాల్సిన అవసరం రాకూడదు. అవి మనిషి ఉండే చోటుకు దగ్గరలో ఉండాలి. ప్రభుత్వ సేవలు కనీసం ప్రతి జిల్లాలో ఉండాలి. లేకపోతే ఆ జిల్లాలోనే మరోచోట వైద్యం చేయించుకున్నవారికి ఖర్చు ప్రభుత్వమే తిరిగివ్వాలి. దూరమే ఒక లోపమని ఇంత స్పష్టంగా ఒప్పుకున్న ఆరోగ్య చట్టాలు మనకు ఎక్కువ లేవు.

తీర్పునూ ఈ సెక్షన్‌నూ కలిపి చదివితే ఒక్కటే అర్థం వస్తుంది. పలాస రిఫరల్ పలాసలోనో టెక్కలిలోనో తేలాలి. ఈ రెండూ రెవెన్యూ డివిజన్ కేంద్రాలే. 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి పలాసలోనే ఉంది. వారంలో రెండు రోజులు అక్కడ మానసిక వైద్యుడు కూర్చునే గది ఒకటి, చుట్టుపక్కల కళాశాలలతో ఒక ఒప్పంద పత్రం ఉంటే చాలు. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు. 14416 టెలి మానస్ హెల్ప్‌లైన్ నంబరు గోడ మీద అంటించడం మంచిదే, తీర్పు అదీ చెప్పింది. కానీ పోస్టరు అంటించేస్తే రిఫరల్ ఏర్పాటు అయిపోయినట్టు కాదు.

విశ్వవిద్యాలయం అంటే ఎచ్చెర్ల ప్రహరీ లోపలేనా?

ఇప్పుడు నాకు బాగా పట్టింపు ఉన్న విషయానికి వస్తాను. విద్యార్థి సౌకర్యాలు అనగానే మనవాళ్ల కళ్లకు కట్టేది క్యాంపస్: లైబ్రరీ, హాస్టలు, మెస్సు, జిమ్ము, డిస్పెన్సరీ. శ్రీకాకుళం జిల్లాలో అలాంటి క్యాంపస్ ఎచ్చెర్లలో ఉంది. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలై, 2008లో డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ విశ్వవిద్యాలయమైంది. పలాస నుంచి 80 కిలోమీటర్లకు పైమాటే. ఇచ్ఛాపురం నుంచైతే 130 దాటుతుంది. 1967లో పుట్టిన ఒడిశాలోని బరంపురం విశ్వవిద్యాలయం ఇచ్ఛాపురం వాళ్లకు అంతకన్నా ఎంతో దగ్గర.

కానీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం పట్టా పొందేవారిలో ఎక్కువమంది ఎచ్చెర్ల మెస్సులో తిననివాళ్లు. అనుబంధ కళాశాలల్లో బీఏ, బీకాం, బీఎస్సీ చదివేవాళ్లు. వాళ్ల పరీక్ష ఫీజు విశ్వవిద్యాలయానికి వెళుతుంది. వాళ్ల కళాశాల అఫిలియేషన్ ఫీజు విశ్వవిద్యాలయానికి కడుతుంది. సిలబస్, హాల్ టికెట్, మార్కుల జాబితా, పట్టా అన్నీ అక్కడివే. సౌకర్యాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘అది కళాశాల యాజమాన్యం చూసుకోవాలి’ అంటారు. 1991 విశ్వవిద్యాలయాల చట్టం కింద అఫిలియేషన్ ఇచ్చే, రద్దు చేసే అధికారం ఉన్నవారు ఆ మాట అనడానికి వీల్లేదని నా అభిప్రాయం.

అనుబంధంతో నిమిత్తం లేకుండా అన్న తీర్పు మాటను పట్టుకుని, ఇది ఏ సంస్థ బాధ్యత ఆ సంస్థదేననే అర్థం తీయొచ్చు. ఆ వాదన తేలిగ్గా కొట్టేయదగింది కాదు. అయినా మరో మార్గదర్శకం దాన్ని నిలవనివ్వదు. ప్రతి సంస్థా పేర్లు లేకుండా రికార్డులు ఉంచి, ఏటా తన నియంత్రణ సంస్థకు నివేదిక పంపాలంటుందది. పలాసలోని చిన్న డిగ్రీ కళాశాల యూజీసీకి నేరుగా నివేదిక రాస్తుందని ఎవరైనా నమ్ముతారా? ఆ కళాశాలను ఏటా తనిఖీ చేసి, గదులు కొలిచి, అధ్యాపకుల జాబితా అడిగి అనుమతి పొడిగించేది విశ్వవిద్యాలయమే. గదుల కొలత అడిగే చేత్తోనే కౌన్సెలర్ నియామక పత్రం కూడా అడగాలి. దూరం పెరిగేకొద్దీ అనుబంధ విద్యార్థి మీద విశ్వవిద్యాలయానికి బాధ్యత పెరుగుతుందే తప్ప తరగదు.

2020 డిసెంబరులో వచ్చిన జీవో 77ను కూడా ఈ దృష్టితోనే చూడాలి. ప్రైవేటు కళాశాలల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేసిన జీవో అది. పేపర్లన్నీ దాన్ని డబ్బు వార్తగా రాశాయి. ఉద్దానంలో అది దూరం వార్త. దగ్గరి ఊళ్లో పీజీ చదవాలనుకున్న పేద విద్యార్థికి ఆ జీవోతో విశ్వవిద్యాలయ క్యాంపస్ తప్ప దారి లేకుండా పోయింది. క్యాంపస్ హాస్టల్లో సీటు దొరకడం, దొరకకపోవడమే చదువు సాగడమా ఆగడమా అన్నది తేల్చే స్థితి వచ్చింది.

హాజరు పట్టీలో కనపడని డ్యూటీ

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల నుంచి వచ్చే విద్యార్థికి ఏ నగర క్యాంపస్ మాన్యువల్లోనూ కనిపించని బరువొకటి ఉంది. ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఆ జబ్బుకు మూలం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు. డయాలసిస్‌కు నెలకు 10 వేల పింఛను వచ్చింది, హిరమండలం నుంచి మంచినీటి పథకం వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. ఇవన్నీ రోగికి. రోగిని వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లి, నాలుగు గంటలు పక్కన కూర్చుని తీసుకొచ్చే డిగ్రీ కుర్రాడికి ఏం వచ్చింది? గైర్హాజరు వచ్చింది.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు ఉండాలి. తగ్గితే మన్నించే ఆనవాయితీ ఉంది, అదీ విద్యార్థి సొంత అనారోగ్యానికి డాక్టరు సర్టిఫికెట్టు పెట్టినప్పుడు. తండ్రి డయాలసిస్ కార్డు ఆ లెక్కలోకి రాదు. ఇక్కడే తీర్పులోని ఏడో మార్గదర్శకం అక్కరకొస్తుంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఆర్థికంగా వెనుకబడినవారు, వికలాంగులతో పాటు ఆప్తులను పోగొట్టుకున్నవారితో, తీవ్ర ఆఘాతానికి లోనైనవారితో కూడా సున్నితంగా, వివక్ష లేకుండా మెలిగేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని అది చెబుతుంది. ఈ జాబితాను ఉద్దానంలో చదవాల్సిన తీరు వేరు. తల్లిదండ్రుల దీర్ఘరోగం కూడా అందులోకే వస్తుందని విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. ఖర్చు సున్నా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసినప్పుడూ ఇలాంటి సర్క్యులరే అవసరమైంది. మళ్లీ తుపాను రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి, దాన్ని కూడా ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు.

ఇంటి నుంచి వచ్చేవాడికి అవసరాలు తక్కువన్న అపోహ మన స్కాలర్‌షిప్ లెక్కల్లోనే ఉంది. 2021లో సవరించిన కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకంలో మామూలు డిగ్రీ చదివే ఎస్సీ విద్యార్థికి హాస్టల్లో ఉంటే ఏడాదికి 6,000, డే స్కాలరైతే 3,000 రూపాయలు. అంటే సగం. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు ఆడపిల్లల ప్రయాణ ఖర్చు తగ్గించింది, సంతోషం. ప్రయాణంలో పోయే పొద్దును అది తిరిగివ్వదు.

ఎవరు, ఎప్పటికి?

కలెక్టరు అధ్యక్షతన విద్య, ఆరోగ్య, బాలల సంరక్షణ శాఖలతో, పౌర సంఘాలతో జిల్లా పర్యవేక్షణ కమిటీ ఉండాలని తీర్పు చెప్పింది. తనిఖీలు చేయడం, ఫిర్యాదులు తీసుకోవడం దాని పని. ఆ కమిటీ కోచింగ్ సెంటర్లకే పరిమితమని వాదించేవాళ్లున్నారు. కోచింగ్ సెంటర్ల నిబంధనల పక్కనే ఆ వాక్యం ఉన్న మాట నిజం. కానీ మార్గదర్శకాలు అన్ని సంస్థలకూ వర్తిస్తాయని చెప్పిన కోర్టు, వాటి అమలు చూసే ఏకైక స్థానిక వ్యవస్థను మాత్రం ట్యుటోరియల్ గదులకు కుదించిందనడం తీర్పును తీర్పు మీదికే ఉసిగొల్పడం. కళాశాలలు ఎక్కువ, కోచింగ్ సెంటర్లు తక్కువ ఉన్న శ్రీకాకుళం లాంటి జిల్లాలో ఆ సంకుచిత అర్థం తీస్తే కమిటీకి చేయడానికి పనే ఉండదు.

డబ్బు లేదు, పోస్టులు లేవు అన్న జవాబు నాకు తెలుసు. నేను అడుగుతున్న వాటిలో సగానికి డబ్బుతో పని లేదు. హాజరు మన్నింపుపై సర్క్యులర్, అఫిలియేషన్ దరఖాస్తులో ఒక అదనపు గడి, పలాస ఆసుపత్రితో ఒప్పందం, కమిటీ నిర్ణయాలు ప్రతి కళాశాల నోటీసు బోర్డు మీద. ఈ నాలుగింటికీ కావాల్సింది సంతకం. కౌన్సెలర్ జీతం మాట తర్వాత వస్తుంది. దానికీ యాజమాన్యాలు రెండు మూడు కళాశాలలు కలిసి ఒకరిని పెట్టుకుంటామని ముందుకొస్తే తాత్కాలికంగా ఒప్పుకోవచ్చు. శాశ్వతంగా ఒప్పుకోకూడదు, ఎందుకంటే కోర్టు చెప్పింది సంస్థకు ఒకరని.

వచ్చే విద్యా సంవత్సరం అఫిలియేషన్ పొడిగింపు ఉత్తర్వులే దీనికి సరైన గడువు. కౌన్సెలర్ లేదా రాతపూర్వక రిఫరల్, విద్యార్థుల సంఖ్యను బట్టి రెండింట్లో తనకు వర్తించేది చూపని కళాశాలకు పొడిగింపు ఇవ్వబోమని ఎచ్చెర్ల ఒక్క వాక్యం రాస్తే, ఇచ్ఛాపురం దాకా యాజమాన్యాలన్నీ ఒక్క వేసవిలో దారికొస్తాయి. ఆ వాక్యం రాసే అధికారం విశ్వవిద్యాలయానికి 1991 చట్టం ఎప్పుడో ఇచ్చింది, రాయాల్సిన బాధ్యత 2025 తీర్పు తెచ్చిపెట్టింది. ఇక రాయకపోతే దాన్ని ఇంకో నిర్లక్ష్యంగా సరిపెట్టుకోలేం. అది కోర్టు ధిక్కారం కిందికి వస్తుందో రాదో తేల్చమని హైకోర్టును అడగాల్సి ఉంటుంది.