కుండీలో గులాబి

పట్టణాలలో మేడలు పెరిగిన కొద్దీ పెరడు కుంచించుకుపోయి కుండీలోకి చేరింది. ఆ కుండీలలో తులసి తరువాత చోటు దక్కేది గులాబికే. తూర్పుగోదావరి జిల్లాలోని కడియం నర్సరీల నుండి అంటు మొక్కలు దూరనగరాలకు సైతం తరలిపోతుంటాయి. కొన్ననాడు మొక్క నిండా పూలే! కొన్ని నెలలు గడిచేసరికి మిగిలేవి నాలుగు ఎండుపుల్లలు. "మా చేతికి గులాబి బతకదు" అని గృహస్థులు సరిపెట్టుకొని, మరుసటి ఏడు మరో మొక్క కొంటారు. నిజానికి ఇందులో చేతి మహిమ ఏమీ లేదు. కత్తెర పట్టడానికి జంకడమే చాలాచోట్ల గులాబి క్షీణతకు మూలం.

పచ్చని కొమ్మను కోయడానికి మనసొప్పదనే మాట వినడానికి కరుణగానే తోస్తుంది. కాని గులాబి స్వభావం వేరు. నేడు కుండీలలో పెంచే రకాలు ప్రధానంగా కొత్త చిగురు మీదనే పూస్తాయి. కొమ్మ కొసలో పుట్టే ఆక్సిన్ అనే హార్మోను కింది కణుపులను నిద్రపుచ్చుతుంది. కొసను తొలగిస్తే అవి మేల్కొంటాయి. వాడిన పువ్వును చెట్టుననే వదిలితే, కాయను పెంచే పనిలో మొక్క తన శక్తిని వెచ్చిస్తుంది. చూడబోతే ఇక్కడ కోయకపోవడమే నిర్దయ.

అయితే కోతకు కాలం, చోటు ఉన్నాయి. మండువేసవిలో మొక్కను బోడి చేయడం అజ్ఞానమే. వానలు తగ్గుముఖం పట్టే అక్టోబరు మాసం అందుకు అనువైనది. ఎండినవి, తెగులు సోకినవి, ఒకదానినొకటి ఒరుసుకొనేవి ముందుగా పోవాలి. మిగిలిన కొమ్మలను వెలుపలి వైపు చూస్తున్న కణుపుకు పావు అంగుళం పైన ఏటవాలుగా కోయాలి. లోపలి కణుపు మీద కోస్తే చిగుళ్ళు నడుమకు గుమిగూడి గాలి, వెలుతురు ఆడవు. మొద్దు కత్తెర కొమ్మను నలిపివేస్తుంది. ఆ గాయం గుండా కొస నుండి కిందికి నల్లబారే ఎండు తెగులు ప్రవేశిస్తుంది. అందుకే కోసిన చోట బోర్డో పేస్టు పూయాలంటారు.

అందరూ మోసపోయే చోటు మరొకటి ఉంది. అంటు కట్టిన ముడికి దిగువ నుండి ఒక్కొక్కప్పుడు బలమైన కొమ్మ దూసుకువస్తుంది. మొక్క ఏపుగా పెరుగుతున్నదని యజమాని మురిసిపోతాడు. అది అడుగున ఉన్న అడవి గులాబి కొమ్మ. దానిని మొదలంటా తీసివేయకపోతే కోరి కొన్న గులాబి దాని నీడలో నశిస్తుంది.

గులాబి అనే పేరులోనే నీరున్నది. పారశీకంలో 'గుల్' అంటే పువ్వు, 'ఆబ్' అంటే నీరు. పన్నీటికి చెల్లిన పేరు మన భాషలో పువ్వుకు స్థిరపడింది. ఆ నీరే కుండీలో నిలిస్తే వేరు కుళ్ళుతుంది. పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే ఉదయాన మొదట్లో పోయాలి. ఆకులు తడిస్తే నల్లమచ్చ తెగులు పెరుగుతుంది. ఇక రోజుకు ఆరు గంటల ఎండ తగలని వసారాలో మొక్కను ఉంచి, పూయలేదని కత్తెరను నిందించడం న్యాయం కాదు.

కత్తిరించిన గులాబి కొన్నాళ్ళు కళావిహీనంగా ఉంటుంది. చూడవచ్చిన బంధువులు "చచ్చిపోయిందా?" అని అడుగుతారు. ఇంటివారు కూడా సందేహిస్తూ దానిని గోడవారకు జరపబోతారు. రెండు వారాలు తిరిగేలోగా కణుపుల వద్ద ఎర్రని చిగురుమొనలు తేలుతాయి. ఆరేడు వారాలకు మొగ్గలు విచ్చుకొంటాయి.