తడిసిన బ్యాటరీకి బియ్యం డబ్బా వైద్యం

మన జిల్లాల్లో ఫోను తడిస్తే బియ్యం డబ్బాలో పెడతాం. డెల్టాలో బియ్యానికి లోటా? అదే వైద్యం ఇప్పుడు డ్రోన్ బ్యాటరీలకీ, ఆర్‌సీ బోటు ప్యాకులకీ చేస్తున్నారు. రెండ్రోజులు ఆరబెట్టి, మల్టీమీటరు పెట్టి, "వోల్టేజీ వస్తోంది రా" అంటూ హాస్టల్ మంచం పక్కనే ఛార్జింగు పెట్టేస్తున్నారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని.

బియ్యం తేమని కాస్త లాగుతుందేమో గానీ ఉప్పుని లాగదు. గొడవంతా ఉప్పుతోనే. రాజమండ్రి దగ్గర గోదారి నీళ్లు వేరు, అంతర్వేది సంగమం దగ్గర నీళ్లు వేరు. ఉప్పు నీళ్లలో కరెంటు తేలిగ్గా పారుతుంది. మూడు సెల్లుల లైపో ప్యాకు నిండుగా ఉంటే 12.6 వోల్టులు. అది ఉప్పు నీళ్లలో ఉన్నంతసేపూ కనెక్టరు దగ్గర బుడగలొస్తూ ప్లస్ వైపు లోహం కరిగిపోతూనే ఉంటుంది. ముందు పాడయ్యేవి సన్నటి బ్యాలెన్స్ పిన్నులు. వాటికి తుప్పు పడితే ఛార్జరుకి సెల్ వోల్టేజీ తప్పుగా కనిపించి, ఏదో ఒక సెల్లుని 4.2 దాటించేసే ప్రమాదం ఉంది.

పైకి కనపడనిది ఇంకోటుంది. సెల్ అడుగంటా ఖాళీ అయిపోతే లోపలి రాగి రేకు కరుగుతుంది. మళ్లీ ఛార్జి చేస్తే ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్టవుతుంది. పౌచ్ చిల్లుపడి నీళ్లు లోపలికెళితే ఎలక్ట్రోలైటుతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. మీటరు ఇవేవీ చెప్పదు.

అలాగని తడిసిన ప్రతిదీ పారేయమనను. నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకయితే ష్రింకు కోసి, డిస్టిల్డ్ వాటరుతో కడిగి, తుప్పు పట్టిన సెల్ మార్చుకోవచ్చు. లైపో మంచినీళ్లలో పడి వెంటనే తీసేస్తే, పౌచ్ ఉబ్బకపోతే, కడిగి ఆరబెట్టి కనెక్టర్లు మార్చండి. తర్వాత వారం రోజులు ఛార్జి చేయకుండా ఆరుబయట, ఇసుక బకెట్లో ఉంచి సెల్ సెల్‌కీ వోల్టేజీ రాసుకోండి. ఒక్క సెల్ మిగతావాటికంటే జారిపోతుంటే ఆ ప్యాకు పని అయిపోయినట్టే. వేల రూపాయలు పెట్టి కొన్నది, బాధే. అందుకే ప్యాకు ఖర్చు క్లబ్బంతా పంచుకోవాలంటాను. ఒక్కడి జేబు మీద పడితే వాడు చచ్చిన ప్యాకుని కూడా బతికించాలనే చూస్తాడు.

ఇది మన సరదా వరకే అయితే ఇంత రాయను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, లంకలు మునిగాయి. అలాంటి వరద 1986లో వచ్చినప్పుడు లంక ఇళ్లలో బ్యాటరీలంటే టార్చిలైటూ రేడియోనే. ఇప్పుడు ఎమర్జెన్సీ లైటు, మందు కొట్టే స్ప్రేయరు, ఎలక్ట్రిక్ స్కూటరు. వరద తీశాక "ఇంజినీరింగు చదువుతున్నావుగా, కాస్త చూసిపెట్టు బాబూ" అని పెద్దవాళ్లు అడుగుతారు. మొహమాటానికి పోయి ఆన్ చేసి ఇచ్చేయకండి. లెడ్ యాసిడా, లిథియమా ముందు చూడండి. రోజుల తరబడి బురదనీళ్లలో నానిన లిథియం ప్యాకైతే "ఇది వద్దండీ" అని చెప్పేయండి.

చెప్పాక దాన్నేం చెయ్యాలి? పాత సామాన్ల బండికి వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. కాలేజీలో ఒక సేకరణ డబ్బా పెట్టించి, నిండాక వాళ్లకి అప్పజెప్పే పని మన క్లబ్బు చెయ్యొచ్చు. ఉబ్బని ప్యాకయితే ఆరుబయట, బైకు హెడ్‌లైటు బల్బు తగిలించి, దగ్గరే ఉండి ఖాళీ చేసి, టెర్మినళ్లకు టేపు చుట్టి అందులో వేయండి. ఉబ్బినదాన్ని ముట్టుకోకుండా ల్యాబు సారుకి చెప్పండి.